సంతకం లేని చెవి

మా బీరువా కింది అర నిండా శాలువాలున్నాయి. ఒక్కటీ కప్పుకోవడానికి పనికొచ్చేది కాదు. విశాఖపట్నం చలికి శాలువా దేనికి, పైగా ఆ జరీ మెడ మీద గుచ్చుకుంటుంది. మహిళా దినోత్సవం దగ్గర పడిందంటే ఏదో ఒక కాలేజీ నుంచి ఫోను వస్తుంది. వెళ్తాను. విమాన ఇంజనీరింగులో అడుగుపెట్టిన మన ప్రాంతపు తొలి మహిళ అని మైకులో చదువుతారు. ఆఖర్లో ఒక పిల్ల లేచి, "మేడమ్, మీరు ఎదుర్కొన్న ఇబ్బందులేమిటి?" అని అడుగుతుంది. హెలికాప్టర్లు నిలిపే హ్యాంగరులో ఆడవాళ్లకు బాత్రూమ్ లేక, ఆఫీసు గుమాస్తా దగ్గర గెస్టురూము తాళంచెవి అడుక్కున్న సంగతి చెబుతాను. పిల్లలు నవ్వుతారు, చప్పట్లు కొడతారు. ఆ జవాబు నాకు కంఠతా వచ్చు. అసలు సంగతి మాత్రం ఇంతవరకు ఏ మైకులోనూ చెప్పలేదు.

మాది కంచరపాలెం. మా గుమ్మానికీ రైలు పట్టాలకీ మధ్య ఒక పిట్టగోడ, ఒక మురికి కాలువ. నాన్న రైల్వేలో చక్రాలు తట్టే పని చేసేవాడు. బండి స్టేషనులో ఆగగానే పొడుగు కర్ర సుత్తి పట్టుకుని పెట్టె పెట్టెకీ వంగి, చక్రానికి ఒక దెబ్బ వేసి వినాలి. మంచి చక్రం మోగుతుంది. పగులున్న చక్రం మొద్దుగా పలుకుతుంది. చూడ్డానికి ఇంతే ఉద్యోగం. ఒకసారి మెయిలు బండిని ఒక చక్రం పలుకు నచ్చలేదని ముప్పావుగంట ఆపేశాడట. పెద్ద ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. అన్నీ విప్పి చూస్తే ఏమీ లేదు. నాన్నకి మెమో ఇచ్చారు. అమ్మ ఇంట్లో నెత్తీ నోరూ బాదుకుంది. నాన్న అన్నం కలుపుకుంటూ, "అనుమానమొచ్చినాక కూడా ఆపకపోతే, మరక్కడ నానెందుకు?" అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ మెమోని తెచ్చి క్యాలెండరు వెనక మేకుకి గుచ్చాడు. అది చాలాకాలం అక్కడే ఉంది.

చెవి నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. చిన్నప్పుడు బజార్లో కుండ కొనాలన్నా, కొబ్బరికాయ ఏరాలన్నా అమ్మ నన్నే ముందుకు తోసేది. నా చదువు సంగతి మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. మద్రాసులో విమానాల ఇంజనీరింగు సీటు వచ్చిందంటే మా వీధి వీధంతా నాన్నని అడిగింది, "ఎయిర్ హోస్టెస్సా?" అని. ఆయన విసుగొచ్చి అవునని చెప్పేసేవాడు. క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. ప్రాక్టికల్సులో నన్ను నోట్సు రాయమని, మగపిల్లలు స్పానర్లు పట్టుకునేవాళ్లు. రెండో ఏడు ఒకడి చేతిలోంచి స్పానరు లాక్కున్నాను. ఆ తరవాత నాకు పొగరని పేరొచ్చింది. ఆ పేరు నాకు నచ్చింది.

తొంభైల మొదట్లో ఉద్యోగం వచ్చింది. సముద్రంలో చమురు తవ్వే రిగ్గులకి మనుషుల్ని మోసే హెలికాప్టర్లు ఉండేవి. వాటిని చూసుకునే ఒక సంస్థ. పేరు చెప్పను. మా ఊరి గాలిలో ఉప్పు ఎంతుంటుందో మా ఊళ్లో కిటికీ ఊచలున్న ప్రతివాడికీ తెలుసు. హెలికాప్టరు సముద్రం మీదికి వెళ్లి వచ్చిందంటే ముందు మంచినీళ్లతో కడగాలి, తరవాత రెక్కలు చూడాలి. పైన గిరగిర తిరిగే ఆ రెక్క కంటికి ఒకే పలకలా కనిపిస్తుంది కానీ, లోపల తేనెపట్టులాంటి పలచటి రేకు, దాని మీద జిగురుతో అతికించిన పొర. తేమ లోపలికి పోతే అతుకు విడుతుంది. పైకి ఏమీ కనిపించదు. కనిపెట్టడానికి మా దగ్గరున్న పరికరమల్లా ఒక రూపాయి బిళ్ల. రెక్క పొడుగునా దాంతో తట్టుకుంటూ పోవాలి. అతుకు గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, విడినచోట డొల్లగా పలుకుతుంది. మధ్యలో ప్రభుత్వం రూపాయిని చిన్నది చేసేసింది. ఆ కొత్త బిళ్లకి బరువు లేదు, పలుకూ లేదు. నా దగ్గర పాత పెద్ద రూపాయి ఒకటి ఉంటే దాచుకున్నాను.

చేరిన ఏడాదికే హ్యాంగరులో నా పేరు "చెవి మేడమ్" అయిపోయింది. ఎగతాళికి మొదలుపెట్టారు, తరవాత అవసరానికి పిలిచారు. ఏ రెక్క దగ్గర అనుమానం వచ్చినా, "చెవి మేడమ్‌ని పిలవండి" అనేవారు. వెళ్లి, తట్టి, చెప్పేదాన్ని. నేను చెప్పినదాని కింద ఇంకొకరు సంతకం పెట్టేవారు.

ఇక్కడ మా సంతకం సంగతి చెప్పాలి. హెలికాప్టరు బాగుచేశాక, ఇది ఎగరడానికి తగినది అని పుస్తకంలో రాసి, సంతకం చేసి, తన నంబరున్న గుండ్రటి ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర ఐదుగురికే ఉండేది. ఎవరైనా రిటైరయితేనే ఇంకొకరికి. దానితోపాటు ఒక ఆచారం ఉండేది. సంతకం పెట్టినవాడు ఆ హెలికాప్టరు మొదటిసారి లేచేటప్పుడు పైలట్ పక్కన కూర్చుని తనూ ఎగరాలి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. ఎప్పుడో మొదలైంది, ఎవరూ తప్పలేదు. నువ్వు బాగుందన్నదాంట్లో నువ్వెక్కకపోతే ఎలా అని. నాకు ఆ ఆచారమంటే ఇప్పటికీ గౌరవమే. దాన్నే నా మెడకి గుదిబండగా కట్టారు.

సంతకానికి కావలసిన పరీక్షలన్నీ పాసయ్యాను. కాగితాలు తీసుకుని చీఫ్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నవాడు. "సంతకం పెడితే ఎక్కాలి కదమ్మా. మీకేమన్నా అయితే మీ నాన్నగారికి నేనేం సమాధానం చెప్పాలి?" అన్నాడు.

"మగవాళ్లకేమన్నా అయితే వాళ్ల పెళ్లాలకి ఏం చెబుతారో మా నాన్నకీ అదే చెప్పండి సార్" అన్నాను.

నవ్వాడు. మా సంస్థలో నన్ను తప్పించుకోవడానికి అందరూ నవ్వేవారు. నా కాగితం ఆయన ట్రేలో అడుక్కి వెళ్లింది. నేను పని నేర్పిన కుర్ర ఇంజనీర్లు ఇద్దరు నా కళ్లముందే ముద్రలు పుచ్చుకున్నారు. అందులో ఒకడు స్వీట్లు పంచుతూ నా దగ్గరికొచ్చి, "మీ ఆశీర్వాదం మేడమ్" అన్నాడు. వాడి చేతిలోని లడ్డు తీసుకుని తిన్నాను. ఏం చేస్తాం.

ముద్రలున్న ఐదుగురిలో పెద్దవాడు మా కంచరపాలెం మనిషే. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. నాన్నని ఎరుగును. హ్యాంగరులో అందరూ నన్ను మేడమ్ అంటుంటే ఆయనొక్కడే తల్లీ అనేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. పొద్దున్న షిఫ్టుకి ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఆయన మాత్రమే పుస్తకంలో సంతకం పెట్టేముందు నాకు చదివి వినిపించేవాడు. "నీ పని కదా, తప్పు రాసేత్తే నువ్వే సెప్పాల" అనేవాడు. ఆ ఒక్క మర్యాద కోసం నేను ఆయన మెషిన్లన్నీ రెట్టింపు శ్రద్ధగా చూసేదాన్ని.

ఆయనకి చెవుడు. వాళ్ల కాలంలో చెవులకి రక్షణ కప్పులు లేవు, దూది కుక్కుకుని ఇంజన్ల పక్కన నిలబడ్డ మనుషులు. ఏడాదికోసారి వినికిడి పరీక్ష జరిగేది. డాక్టరు వెనక నిలబడి మెల్లగా అంకెలు చెబుతాడు, వీళ్లు తిరిగి చెప్పాలి. ఆ డాక్టరుకి కొత్త అంకెలు తట్టేవి కావు. ఏటా అవే ఐదు అంకెలు, అదే వరస. వరండాలో క్యూలో నిలబడ్డ మగాళ్లందరికీ వచ్చు. బాబాయ్ డాక్టరు పెదవి కదపకముందే రెండో అంకె చెప్పేసిన ఏడు కూడా ఉంది. దాని గురించి క్యాంటీన్లో నెల్లాళ్లు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. అది నవ్వాల్సిన విషయం కాదని మా ఎవరికీ తోచలేదు.

ఆయన రెక్క తట్టేవాడు కానీ వినేది నేను. నాణెం ఆయన చేతిలో ఉంటే నేను పక్కన నిలబడి తల ఊపేదాన్ని. లేకపోతే నేనే తట్టేదాన్ని. "రెక్క ఏటంటాది తల్లీ?" అని అడిగేవాడు, రెక్క అలిగి కూర్చున్న చుట్టమైనట్టు. బాగుందంటే సంతకం పెట్టి, జేబులోంచి ముద్ర తీసి వేసి, లోపలికెక్కి కూర్చునేవాడు. ఆయనకి చెవి లేదు, నాకు సంతకం లేదు. ఇద్దరం కలిస్తే ఒక ఇంజనీరు. పదేళ్లు ఇలాగే గడిచాయి. పదేళ్లూ ఆయన ఎగురుతుంటే నేను కింద సిమెంటు గచ్చు మీద నిలబడి, దుమ్ము కళ్లలో పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. నేను విప్పి బిగించిన యంత్రం యారాడ కొండ వైపు తిరిగి చుక్కయ్యేది. నాకు కడుపు మండిపోయేది. ఆయన మీద కాదు. ఆయన మీద కూడా, కొన్ని రోజులు.

ఆ మధ్యలోనే నాన్న పోయాడు. నేను ఎగరడం చూడాలని ఆయనకుండేది. పోయేముందు ఏడాది దాకా అడుగుతూనే ఉన్నాడు, "ఎక్కించారా?" అని.

రెండువేల సంవత్సరం దాటాక ఒక శుక్రవారం సాయంత్రం చీఫ్ నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. పదకొండేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అది రెండోసారో మూడోసారో. ఆరో ముద్ర మంజూరవుతోందని, నా పేరే రాసి పంపానని చెప్పాడు. "సోమవారం హెడ్డాఫీసులో సంతకమవుతుంది. ఈ రెండు రోజులూ ఏ గొడవా లేకుండా చూసుకోండి. మీరు చీటికీమాటికీ మెషిన్లు ఆపేస్తారని పైన ఇప్పటికే ఒక మాట ఉంది" అన్నాడు. అలాగే సార్ అన్నాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ వెళ్లి నాన్న ఫోటోకి చెప్పింది.

మర్నాడు శనివారం. రెండు రోజులుగా వాన పట్టి ఆ పొద్దునే తెరిపిచ్చింది. హ్యాంగరులో రేకులన్నీ చెమటలు పట్టినట్టున్నాయి. ఒక హెలికాప్టరుకి పెద్ద సర్వీసింగు పూర్తయింది. పది గంటలకి ఖాళీగా ఒక చుట్టు తిప్పి చూసి, తరవాత రిగ్గుకి మనుషుల్ని తీసుకెళ్లాలి. సంతకం బాబాయ్‌ది. నేను స్టూలెక్కి రెక్కలు తట్టుకుంటూ వచ్చాను. రెండో రెక్క మొదట్లో, అంచుకి జానెడు లోపల, రెండు వేళ్ల మేర పలుకు మారింది.

మళ్లీ తట్టాను. డొల్ల అని ఒట్టు పెట్టేంత డొల్ల కాదు. పక్కన టంగుమంటున్నది అక్కడ కొంచెం మెత్తబడింది, అంతే. వానాకాలంలో తేమకి అన్ని రెక్కలూ కొంచెం మొద్దుగానే పలుకుతాయి. ఆ మాట నిజమే. కానీ తేమకి వచ్చే మొద్దుతనం రెక్కంతా ఉంటుంది, రెండు వేళ్ల మేర ఉండదు. అది నాకు తెలుసు. నాకు తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు.

మా హ్యాంగరులో తలుపు పక్కన ఒక మేకుకి ఎర్ర గుడ్డ పట్టీలు వేలాడుతుండేవి. మెషిన్ మీద అనుమానమున్న ఎవరైనా, ఊడ్చే మనిషైనా సరే, ఒక పట్టీ తెచ్చి దానికి కట్టి, చీటీ మీద తన పేరు రాసి గుచ్చవచ్చు. కట్టడానికి ముద్ర అక్కర్లేదు, సంతకాధికారం అక్కర్లేదు. ఒకసారి కట్టాక చీఫ్ స్వయంగా వచ్చి కారణం తేల్చేదాకా దాన్ని విప్పడానికి లేదు. అంటే ఆ రోజంతా పోతుంది, రిగ్గు వాళ్లు అరుస్తారు, హెడ్డాఫీసుకి కాగితం వెళ్తుంది. కాగితం మీద నా పేరు. సోమవారానికి రెండు రోజుల ముందు.

మూడోసారి తట్టాను. ఎందుకు తట్టానో నాకే తెలియదు. వినేది రెండోసారికే వినేశాను.

"రెక్క ఏటంటాది తల్లీ?" అన్నాడు బాబాయ్ కింద నుంచి.

నేను స్టూలు మీదే నిలబడి ఉన్నాను. ఆయన పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, నా ముఖంలోకి చూస్తున్నాడు. చెవిటివాళ్లు మాట కోసం ముఖం చూస్తారు. "పర్లేదు బాబాయ్. వాన తేమ" అన్నాను.

"ఎగిరీవచ్చా?"

తల ఊపాను. ఆయన ఇంకొక్క క్షణం నా ముఖం వైపు చూశాడు. తరవాత సంతకం పెట్టి, ముద్ర మీద నోటితో ఊది, పుస్తకం మీద అదిమాడు. చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ వెళ్లి పైలట్ పక్కన కూర్చున్నాడు. నేను అప్పటికీ ఆపగలిగేదాన్ని. హెలికాప్టరుని బయటికి లాగడానికి, ఇంజను వేడెక్కడానికి, రెక్కలు తిరగడానికి బోలెడంత సేపు పట్టింది. అంతసేపూ ఆ ఎర్ర పట్టీలు నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. అంతసేపూ నేను సోమవారం గురించే ఆలోచించాను. ఏ చీర కట్టుకోవాలా అని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

హెలికాప్టరు భీమిలి దారిలో సముద్రపు ఒడ్డున ఇసకలో పడింది. పడింది అనకూడదు, పైలట్ దించాడు. రెక్క పొర లేచిపోయి మెషిన్ అంతా వణికిపోతుంటే చేతనైనంత మెల్లగా దించాడు. అతని చెయ్యి విరిగింది. బాబాయ్‌కి వెన్నుపూస నలిగింది. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు పరిగెత్తుకొచ్చి, మడత పెట్టిన వల మీద పడుకోబెట్టి రోడ్డు దాకా మోశారు. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఆయన చొక్కాకి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. కళ్లు తెరిచి నన్ను చూసి, "నువ్వు బాగున్నావా?" అన్నాడు. మందుల మత్తులో హెలికాప్టరులో ఉన్నది నేనే అనుకున్నాడో ఏమో.

ఆ రాత్రి నాన్న లేడు కదా అని మొదటిసారి నాకు ఊరటగా అనిపించింది. ఉంటే ఒక్కటే అడిగేవాడు, పలుకు ఎలా ఉంది అని. ఆయనతో అబద్ధమాడటం నాకు రాదు.

విచారణకి బయటినుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చారు. బాబాయ్‌ని ఆసుపత్రి మంచం మీదే అడిగారు, రెక్క తట్టిందెవరని. "నానే తట్టాను. నానే ఇన్నాను. బాగుంది" అన్నాడట. మర్నాడు నన్ను పిలిచారు. నేను నిజం చెప్పాలనే వెళ్లాను. ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి అంటున్నది కాదు, తెల్లవారుజామున లేచి ఒక కాగితం మీద రాసుకున్నాను కూడా. ఆ కాగితం నా చేతి సంచీలో ఉంది. మధ్యలో కూర్చున్నాయన నా పేరు, హోదా అడిగి రాసుకుని, "మీకు సంతకాధికారం ఉందా?" అన్నాడు.

"లేదు సార్."

"అయితే తనిఖీలో మీ పాత్ర రికార్డు మీద లేదు." పక్కాయన వైపు తిరిగి ఏదో అన్నాడు. ఇద్దరూ తలలు ఊపారు. "థాంక్యూ అమ్మా. మీరు వెళ్లవచ్చు."

పదకొండేళ్లు ఏ మాట వింటే నా ఒళ్లు మండిందో, ఆ మాటే ఆ పూట నన్ను కాపాడింది. లేచి నిలబడ్డాను. నోరు తెరవడానికి నాకు ఇంకా టైముంది. గుమ్మం దాకా ఎనిమిదో పదో అడుగులున్నాయి. నేను నమస్కారం పెట్టి బయటికొచ్చాను. వరండాలో నాకు కాళ్లు తేలికయ్యాయి. ఇన్నేళ్లలో నాకు జరిగిన అవమానాలన్నిటిలో నేను చేతులారా పుచ్చుకున్నది అదొక్కటే.

బాబాయ్ చెవులకి మళ్లీ పరీక్ష చేశారు. ఈసారి వేరే డాక్టరు, వేరే అంకెలు. ఒక్కటీ వినబడలేదు. వినికిడి లేని మనిషి వినే పరీక్ష చేసి సంతకం పెట్టాడని రాశారు. ఆయన అధికారం రద్దయింది, ఉద్యోగానికి పనికిరాడని ఇంటికి పంపారు. క్యాంటీన్లో నవ్వినవాళ్లంతా, "అయ్యో, మాకు తెలీదే" అన్నారు.

ఆరో ముద్ర ఎక్కడా మంజూరవలేదు. అది హెడ్డాఫీసులో ఎవరో ఎవరితోనో అన్న మాట, అంతే. దాని కోసమే నేను ఆ తల ఊపింది. రెండు నెలల తరవాత చీఫ్ నన్ను పిలిచి, ఇప్పుడు ఐదుగురిలో ఒక ఖాళీ వచ్చింది కదా అన్నాడు. పైగా మహిళకిస్తే సంస్థకి మంచి పేరొస్తుందని పైవాళ్లు అనుకుంటున్నారట. ప్రమాదం వార్త మీద ఈ వార్త వస్తే బాగుంటుందని వాళ్ల లెక్క. పేపర్లో నా ఫోటో వేశారు. తెల్లకోటు వేసుకుని రెక్క మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అలా మేము తెల్లకోట్లు వేసుకోం. ఫోటోవాడు తెచ్చాడు.

ఖాళీలో వచ్చేవాళ్లకి కొత్త ముద్ర చేయించరు. పాత నంబరే చేతులు మారుతుంది. ముద్ర ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ ఎదురెదురుగా ఒకే కాగితం మీద సంతకాలు చెయ్యాలి. అది రూలు పుస్తకంలో ఉన్న రూలు. ఆయన హ్యాంగరుకి రాలేడు కాబట్టి నేనే వాళ్లింటికి వెళ్లాలి. "ఎలాగూ మీ వీధే కదా" అన్నాడు చీఫ్.

ఒక ఆదివారం పొద్దున్న వెళ్లాను. బాబాయ్ ముందు గదిలో నులక మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేవాలంటే కర్ర, కర్రతోపాటు పిన్ని భుజం కావాలి. వాళ్లావిడని పిన్ని అనేదాన్ని. ఆవిడ జాలారిపేట పిల్ల, నోరు పెద్దది, చెయ్యి పెద్దది. నేను వెళ్తే ఏదో ఒకటి తినిపించకుండా పంపేది కాదు. ఆ రోజు టీ ఇచ్చి, గుమ్మానికి చేరబడి నిలబడింది.

బాబాయ్ నన్ను చూసి సంతోషపడ్డాడు. "ఎక్కీవచ్చు ఇక నువ్వు" అన్నాడు గట్టిగా, చెవిటివాళ్లు మాట్లాడే గొంతుతో. "మొదటిసారి లేసినప్పుడు కడుపులో తిప్పుతాది. కిందికి సూడకు. దూరంగా సూడు. ఉక్కునగరం గొట్టాల కేసి సూత్తే తిప్పదు." పైనుంచి ఏవేవి ఎటు కనిపిస్తాయో చేత్తో చూపిస్తూ చెప్పాడు. కాగితం తీసి మంచం మీద పెట్టాను. ఆయన తన సంతకం నిదానంగా పెట్టాడు. దిండు కింది నుంచి ముద్ర తీశాడు, తుడిచి ఉంచినట్టున్నాడు.

పిన్ని అడిగింది. ఆయనకి వినబడకుండా అడగాలని గొంతేమీ తగ్గించలేదు. ఆవిడకి ఆ అలవాటు ఎప్పుడో పోయింది.

"ఆ దినం నీ మొకంలో ఏదో ఉందని ఈయన సెప్తాడు. అనుమానం ఉంటే ఎర్ర గుడ్డ ఎవులైనా కట్టీవచ్చంట కదా. మరి నువ్వెందుకు కట్టనేదు తల్లీ?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే ఏడ్చేసేదాన్ని, ఏడ్చి చెప్పేసేదాన్ని. చేప ధర అడిగినట్టు మామూలుగా అడిగింది. తెలుసుకుందామని అడిగింది.

బాబాయ్ ఆవిడ పెదవుల వైపు చూస్తున్నాడు. "ఊరుకోవే. అనుమానం నేదు దానికి. ఉంటే నాకు సెప్పదా?" అన్నాడు. అని నా వైపు తిరిగి, నా ముఖంలోకి చూస్తూ ఆగాడు.

చేతి సంచీలో విచారణకి రాసుకున్న కాగితం ఇంకా ఉంది. తియ్యలేదు. తీస్తే ఆ ముద్ర నాది కాదు.

"లేదు పిన్నీ" అన్నాను. "నాకేమీ వినిపించలేదు."

ఈ మాట ఆయన మళ్లీ చెప్పమనలేదు. ఏ మాటైనా రెండుసార్లు చెప్పించుకునే మనిషికి ఇది ఒక్కసారికే అందింది. తల ఊపాడు. ముద్ర నా అరచేతిలో పెట్టాడు. నేను ఎక్కడ సంతకం చెయ్యాలో కాగితం మీద వేలితో చూపించాడు. చేశాను.